నాలుగో నంబరు కాంపస్

మీ ఆఫీసువాళ్లు నిన్ను లీడర్‌షిప్ ట్రైనింగ్‌కి పంపుతున్నారని, అలాంటిచోట ఏం చేయిస్తారో చెప్పమని నిన్న అడిగావు. నేను పోపు మాడిపోతోందన్న కంగారులో ఏదో ఒకటి అనేశాను. ఇప్పుడు చెబుతాను. ల్యాప్‌టాప్ తెచ్చుకుని ఇలా ఫ్యాను కింద కూర్చో. నేను చెబుతుంటాను, నువ్వు కొట్టు. నువ్వు తెలుగు అక్షరాలు వెతుక్కోవాలని నాకు తెలుసు, నెమ్మదిగానే చెబుతాను.

ముందు మీ తాతయ్య షిఫ్టు గురించి రాయి. దానికీ దీనికీ సంబంధం ఏమిటని మొహం అలా పెట్టకు. ఉంది.

మీ తాతయ్య స్టీల్ ప్లాంట్‌లో కోక్ ఓవెన్ల దగ్గర, అంటే బొగ్గు కాల్చే బట్టీల దగ్గర, పనిచేసేవారు. షిఫ్టు అయిపోయిందని సైరన్ మోగగానే టిఫిన్ డబ్బా పట్టుకుని సైకిలెక్కి వచ్చేయడానికి అక్కడ కుదరదు. తర్వాతి షిఫ్టు మనిషి, అంటే రిలీవర్, రావాలి. వచ్చాక ఎదురెదురుగా నిలబడి అప్పగింతలు పెట్టాలి. బాగున్నవాటి గురించి ఎవరూ మాట్లాడరు, బాగున్నది దానంతటదే నడుస్తుంది. బాగులేనివి చెప్పాలి. ఏ వాల్వు దగ్గర గ్యాసు వాసన వస్తోంది, ఏ తలుపు సరిగ్గా పడటంలేదు, ఏ మెట్టు మీద నూనె ఒలికింది, అన్నీ. ఒక్కటి దాచినా తర్వాతి ఎనిమిది గంటలూ అవతలి మనిషి ప్రాణం గాల్లో ఉన్నట్టే. చెప్పడం అయ్యాక రిలీవర్ తను విన్నదంతా తిరిగి అప్పజెప్పాలి. అప్పుడు రిజిస్టరులో ఇద్దరూ సంతకాలు పెడతారు. దీన్నే చార్జి ఇవ్వడం అంటారు.

సెక్టర్ 4లో మా క్వార్టర్ల లైనులో మగవాళ్లందరూ షిఫ్టులవాళ్లే కాబట్టి ఈ అలవాటు ఇళ్లలోకి కూడా వచ్చేసింది. మీ అమ్మ చంటిపిల్లగా ఉన్నప్పుడు నేను పాఠం చెప్పడానికి వెళ్తూ మా అత్తగారికి అప్పగించేదాన్ని. గుమ్మంలో నిలబడి, "ఎడమ చెవి పోటుగా ఉందత్తా. పొద్దున్న పాలు కక్కీసింది. ఆ ఆకుపచ్చ గౌను హుక్కు ఊడింది, గుచ్చుకుంటాది" అని చెప్పేదాన్ని. ఆవిడ తిరిగి చెప్పేదాకా చెప్పులు వేసుకునేదాన్ని కాదు.

"ఇది పిల్లా, ఫర్నేసా? ఏటే నీ చాదస్తం!" అనేది మా అత్తగారు. కానీ చెప్పేది. ఎడమ చెవి, పాలు, హుక్కు.

మా ఆయనకి రిలీవర్‌గా వచ్చే ఆయన మా పక్క క్వార్టరులోనే ఉండేవారు. ఆయనకి ఒక్కతే కూతురు. నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. మాదీ విజయనగరం వైపే, వాళ్లదీ అటే, ప్లాంట్ పని కోసం ఈ హిందీవాళ్ల ఊరికి వచ్చినవాళ్లం. ఆ పిల్ల నన్ను అప్పా అని పిలిచేది, మా వైపు అక్కని అలాగే అంటారు కదా. బడి అయిపోగానే మా ఇంటికి వచ్చి, నేను మ్యాపులు గీస్తుంటే నదులకి నీలం రంగు వేసేది. గీత దాటకుండా వేసేది. నేను జాగ్రఫీ చెప్పే యూనివర్సిటీలోనే తను ఎకనమిక్స్ లెక్చరర్‌గా చేరిన రోజున, వాళ్ల నాన్న తెచ్చిన మిఠాయి డబ్బా నేనే విప్పాను. అందరి ముందూ మేడమ్ అని పిలిచేది. వరండాలో మేమిద్దరమే ఉంటే అప్పా అనేది. ఆమె పేరు రాయొద్దు. నా పేరు కూడా రాయకు.

నాకు రిటైర్మెంటు ఇంకో రెండేళ్లు ఉందనగా ఇది జరిగింది. అప్పటికి మేం క్వార్టర్ వదిలేసి ఈ వైశాలి నగర్ ఇంటికి వచ్చేశాం. నేను జాగ్రఫీ హెడ్డుని, ఆమె ఎకనమిక్స్ హెడ్డు.

మా డిపార్టుమెంటు అంటే ఏమంత ఉంది? నేను, నాతోపాటు పాఠం చెప్పడానికి కాంట్రాక్టు మీద పెట్టుకున్న ఒక అమ్మాయి, రెండు క్లాసురూములు, మ్యాపుల గది, ఒక ఇనప బీరువా. ఆ బీరువాలో సర్వే సామాను. గొలుసులు, మూడుకాళ్ల స్టాండ్లు, ఆరు కాంపస్‌లు. ఆ కాంపస్‌లు నేను చేరినప్పటివి. వాటిలో నాలుగో నంబరుది కొంచెం తిక్క. లోపల తిరిగే చక్రం ఒక్కోసారి ఇరుక్కుంటుంది. గాజు మీద గోరుతో రెండుసార్లు తడితే వదులుతుంది, అప్పుడు చూడాలి. తట్టకుండా చూస్తే నిన్నటి దిక్కే ఇవాళా చూపిస్తుంది. ప్రతి ఏడూ చరోదా రైల్వే యార్డు పక్కన మైదానానికి అమ్మాయిలని సర్వేకి తీసుకెళ్లేవాళ్లం. రైల్వేవాళ్ల పిల్లలు, ప్లాంట్‌లో కాంట్రాక్టు పనివాళ్ల పిల్లలు. ఒక గుంజ దగ్గర మొదలుపెట్టి, దిక్కులు కొలుచుకుంటూ మైదానమంతా చుట్టి, మళ్లీ ఆ గుంజ దగ్గరికే రావాలి. కాగితం మీద గీసినప్పుడు ఆఖరి గీత మొదటి చుక్కని తాకాలి. తాకినప్పుడు ఆ పిల్లల మొహాలు చూడాలి నువ్వు.

ఆ ఏడు వరండాల్లో ఒక మాట తిరుగుతోంది. చిన్న డిపార్టుమెంట్లన్నిటినీ కలిపి సోషల్ సైన్సెస్ అని ఒక్కటే చేస్తారని, దానికి ఒక డైరెక్టర్ ఉంటారని. అలా కలపాలంటే ఆ డిపార్టుమెంటు హెడ్డు ఒప్పుకుంటున్నానని సంతకం పెట్టాలి. పెట్టకపోతే కౌన్సిల్‌లో చర్చకి పెట్టాలి. చర్చకి వస్తే నేను ఊరుకోనని అందరికీ తెలుసు.

"నేనున్నంత వరకూ సంతకం పెట్టనే. నేను పోయాక ఏటైనా చేసుకోండి" అని ఆమెతోనే అన్నాను, క్యాంటీన్‌లో.

"నువ్వు పెట్టవని నాకు తెల్దేటప్పా" అని నవ్వింది.

అప్పుడు వచ్చింది ట్రైనింగ్. హెడ్లందరికీ మూడు రోజులు, గెస్ట్‌హౌస్ హాల్లో. ఎక్కడో పెద్ద ఊరి నుంచి ఒక కుర్ర ట్రైనర్ వచ్చాడు. మెడలో మైకు, చేతిలో రంగురంగుల స్కెచ్ పెన్నులు. మా అందరికీ జుట్టు నెరిసింది, అతనికి మీసం కూడా సరిగ్గా రాలేదు. అయినా మర్యాదస్తుడే. మొదటి రోజు, నాయకుడిగా మీరు ఏ జంతువో చెప్పమన్నాడు. కెమిస్ట్రీ ఆయన సింహం అన్నాడు. ఆయన ల్యాబ్‌లో ఎలకలు తిరుగుతుంటాయని అందరికీ తెలుసు. హిందీ ఆవిడ ఏనుగు అంది. నా స్నేహితురాలు లేచి "చీమ" అంటే హాలంతా చప్పట్లు కొట్టింది. నా వంతు వచ్చింది.

"బేటా, మై తో ఇన్‌సాన్ హూఁ" అన్నాను.

మనిషినేనయ్యా అన్నందుకు అందరూ నవ్వారు. అతను బోర్డు మీద మనిషి అని రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టాడు. అది మూడు రోజులూ అలాగే ఉంది.

రెండో రోజు అసలు సంగతి. కష్టమైన మాట ఎదుటివాళ్లకి ఎలా చెప్పాలి అన్నది పాఠం. ఇద్దరిద్దరు జత కట్టాలి. ఒక గాజు గిన్నెలో చీటీలు ఉన్నాయి. ఒక్కో చీటీ మీద ఒక్కో సందర్భం అచ్చు వేసి ఉంది. వెళ్లి తీసుకోవాలి. ఒకరు పై అధికారి, రెండోవాళ్లు మాట పడేవాళ్లు. నేను లేవబోతే ఆమె నా భుజం మీద చేయి వేసి కూర్చోబెట్టింది.

"మోకాలు నొప్పి కదా, కూకో. నేను తెస్తాను."

తెచ్చింది. చీటీ చూశాను. ఒక హెడ్డుకి, ఆవిడ డిపార్టుమెంటుని వేరేదాంట్లో కలిపేస్తున్నామని చెప్పి, ఆవిడ చేత ఒప్పించాలి. పక్క జతవాళ్ల చీటీ అచ్చులో ఉంది. మాది చేత్తో రాసి ఉంది, ఆకుపచ్చ ఇంకుతో. అచ్చు చీటీలు తక్కువయ్యాయేమో అనుకున్నాను. అంతకుమించి అనుకోలేదు. ఇంకా చెప్పాలంటే నాకు హుషారొచ్చింది. ఏదో ఒక రోజు కౌన్సిల్‌లో దెబ్బలాడాల్సిందే కదా, ఇక్కడ ఒకసారి ఆడి చూసుకోవచ్చు అనుకున్నాను.

ఆమె అధికారిణి అయింది. కుర్చీలో వెనక్కి ఆనుకుని హిందీలో మొదలుపెట్టింది. మేడమ్, మీ సేవలు ఎంత గొప్పవి, మీ అనుభవం ఎంత విలువైనది, అంటూ. నేను దులిపేశాను. మా అమ్మాయిలు ఎంతమంది సర్వే ఆఫీసుల్లో ఉన్నారో చెప్పాను. మ్యాపుల గది ఎకనమిక్స్‌వాళ్లకి ఏం పనికొస్తుందని అడిగాను. బీరువా తాళం నా కొంగుకే ఉందని, కావాలంటే కొంగు కోసుకుపొమ్మని అన్నాను. హాల్లో ఈలలు వేశారు.

ట్రైనర్ చప్పట్లు కొట్టించి, ఇప్పుడే అసలు పాఠం అన్నాడు. ఒప్పించలేక ఓడిపోయిన వాళ్ల వైపు మమ్మల్ని తిరిగి కూర్చోమన్నాడు. "వాళ్లు ఎలా చెప్పి ఉంటే మీరు ఒప్పుకునేవాళ్లో, ఒక్కటీ దాచకుండా చెప్పండి. ఇక్కడి మాట ఇక్కడే ఉంటుంది. తర్వాత మీరూ వాళ్లూ స్థానాలు మారండి, అప్పుడు వాళ్లు మీకు చెబుతారు" అన్నాడు.

ఇక్కడే నేను చేసిన తప్పు. కెమిస్ట్రీ ఆయన "కొంచెం మెత్తగా మాట్లాడితే సరి" అని ఊరుకున్నాడు. అందరూ అలాంటివే రెండు ముక్కలు చెప్పి బిస్కెట్ల బల్ల దగ్గరికి వెళ్లిపోయారు. ఎదురెదురుగా కూర్చోబెట్టి బాగులేనివి చెప్పమనేసరికి నాకు మాత్రం చార్జి ఇవ్వడమే గుర్తొచ్చింది. అలా అడిగినప్పుడు దాచడం ఎలాగో నాకు తెలీదు. ఎదురుగా ఉన్నది మా ఆయన రిలీవర్ కూతురు, ఆమెకీ అదే తెలుసు అనుకున్నాను.

"విను" అన్నాను. "ముందు నన్ను పొగడకు. పొగిడితే ఏదో తీసుకోడానికొచ్చారని నాకు తెలిసిపోతాది. మేడమ్ అనకు, అప్పా అను. ఆఫీసులో చెప్పకు, ఇంటికి రా. ఆదివారం రా. మా ఆయన ముందు చెప్పు, ఆయన ముందు నేను గొంతు పెంచలేను. కుర్చీలో కూకోకు, వంటింట్లో నా పక్కన కూకో. మా ఇంట్లో తింటున్న మనిషిని నేను కసరలేను. పోయేవాటి గురించి ముందు ఎత్తకు. ఏవి ఉంటాయో అవి చెప్పు. కాంపస్‌లు ఉంటాయి, ఆ కాంట్రాక్టు అమ్మాయి ఉంటాది, అని చెప్పు. అప్పుడు నాకు మిగతావి కనపడవు. చెప్పీసి ఊరుకోకు, వెంటనే చేతికి ఏదో పని ఇయ్యి. లిస్టు రాయమను. చేతిలో పెన్నుంటే నాకు కోపం రాదే."

ఆమె పుస్తకం తెరిచి అంతా రాసుకుంది.

"తిరిగి చెప్పు" అన్నాను, అలవాటుగా.

చెప్పింది. పొగడకూడదు, అప్పా, ఆదివారం, ఆయన ముందు, వంటిల్లు, ఉండేవి ముందు, చేతికి పని. ఒక్కటి కూడా పోలేదు.

ట్రైనర్ మమ్మల్ని మళ్లీ ఆడమన్నాడు. ఈసారి ఆమె కుర్చీ నా పక్కకి లాక్కుని, అప్పా అని మొదలుపెట్టి, నేను చెప్పినట్టే చెప్పింది. నేను నవ్వుకుంటూనే ఉన్నాను. నవ్వుకుంటూనే, "సరే ఇయ్యి, సంతకం పెడతాను" అన్న మాట నా నోట్లోంచి వచ్చేసింది. హాలంతా లేచి చప్పట్లు. ట్రైనర్‌కైతే కళ్లు మెరిశాయి. ఇద్దరికీ చెరో చాక్లెట్ ఇచ్చాడు.

స్థానాలు మారాల్సింది ఇంకా ఉంది. ఇప్పుడు ఆమె బాగులేనివి నాకు చెప్పాలి.

"పదప్పా, లంచ్ చల్లారిపోతాది" అని లేచింది. లేచాను.

ఇంటికొచ్చి మీ తాతయ్యకి అంతా అభినయం చేసి చూపించాను. ఆయన పేపరు దించి విన్నారు.

"అన్నీ చెప్పీసావేటి?"

"అడిగితే చెప్పనాండీ?"

"మరి ఆ పిల్ల ఏటి చెప్పింది, తనవి?"

"లంచ్ టైమయిపోయింది."

ఆయన "ఊఁ" అన్నారు. పేపరు మళ్లీ ఎత్తుకున్నారు.

సర్టిఫికెట్లు ఇచ్చారు, గ్రూప్ ఫోటో తీశారు. ఆ ఫోటోలో ఆమె చేయి నా భుజం మీద ఉంటుంది. ఆ పైవారం కాక ఆ తర్వాతి ఆదివారం పొద్దున్న ఆమె మా ఇంటికి వచ్చింది. ఉత్తినే రావడం కొత్త కాదు. మీ తాతయ్య వంటింటి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నారు. నేను దిబ్బరొట్టె వేస్తున్నాను. ఆమె హాల్లో కూర్చోకుండా తిన్నగా వంటింట్లోకి వచ్చి, నా పక్కన చిన్న స్టూలు లాక్కుని కూర్చుంది. ఒక ముక్క తుంచుకుని తింది.

"అప్పా, కాంపస్‌లు ఎక్కడికీ పోవు. మ్యాపుల గది అలగే ఉంటాది. నీ కాంట్రాక్టు పిల్లని తియ్యరు. నేను అడిగాను."

"ఎవరు తీస్తామన్నారే?" అన్నాను.

"జాగ్రఫీని కలిపీస్తున్నారప్పా. బుధవారం కౌన్సిల్. సామాను నీ చేతి లిస్టు ప్రకారమే తీసుకుంటారు. నువ్వు రాస్తేనే సరిగ్గా ఉంటాది. ఇదిగో."

కాగితాల అట్ట నా ఒళ్లో పెట్టింది. పెన్ను మూత తీసి ఇచ్చింది. నేను అట్లకాడ పక్కన పెట్టి పెన్ను తీసుకున్నాను. అవును, తీసుకున్నాను. ఏదో ఒకటి అడగాలని ఉంది. మీ తాతయ్య ఎదురుగా ఉన్నారు. ఆమె నోట్లో నా చేతి రొట్టె ఉంది. గొలుసులు రెండు, స్టాండ్లు నాలుగు, కాంపస్‌లు ఆరు, రాసుకుంటూ పోయాను. లిస్టు కింద ఇంకో కాగితం ఉంది, సమ్మతి పత్రం. ఆమె వేలు పెట్టిన చోట సంతకం పెట్టాను. ఆమె టీ తాగి, మీ తాతయ్యకి నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. రొట్టె ఒక వైపు మాడిపోయింది.

గ్లాసులు కడుగుతుంటే తెలిసింది. ఎలా తెలిసిందంటే చెప్పలేను. ఆమె తాగిన గ్లాసు చేతిలో ఉంది, చేతి నిండా సబ్బు నురగ. పొగడలేదు. అప్పా అంది. ఆదివారం. ఆయన ముందు. వంటిల్లు. ఉండేవి ముందు చెప్పింది. చేతికి పెన్ను ఇచ్చింది. నేను చెప్పిన వరస కూడా తప్పలేదు.

ట్రైనింగ్ సంచీ అటక మీద ఉంది, మీ తాతయ్య చేత తీయించాను. ఆ చీటీ అందులోనే ఉంది. ఆకుపచ్చ ఇంకు. మా ఇంట్లో నదులకి రంగులు వేసిన పిల్ల చేతిరాత నాకు తెలీకపోవడం ఏమిటి? ఆ రోజు హాల్లో చూడలేదు, అంతే. సంతకం అయ్యాక ఆమె నాకు వదిలి వెళ్లిన నకలు కాగితం తీశాను. జాగ్రఫీని కలపాలన్న ఉత్తరం, డైరెక్టర్‌గా ఆమె పేరు. తారీఖు చూశాను. ట్రైనింగ్‌కి వారం ముందుది.

సోమవారం ఆమె గది తలుపు తోసుకుని వెళ్లాను. చీటీ బల్ల మీద పెట్టాను.

"ఇది గిన్నెలోది కాదు."

ఆమె చీటీ వైపు చూసింది. కాదనలేదు.

"కూకో అప్పా."

"నా సంతకం నాకిచ్చీ."

"పొద్దున్నే పైకి పంపీసాను."

"నన్ను అడిగుంటే?"

"అడిగితే నువ్వు పెట్టవు. చర్చకొస్తాది. అందరి ముందూ నిన్ను ఓడిస్తారు, ఈ వయసులో. అది నేను చూడలేనప్పా. ఎలా చెప్తే నీకు నొప్పి తక్కువో నువ్వే చెప్పావు. నువ్వు చెప్పినట్టే చేసాను. ఒక్కటి తప్పానేటి, చెప్పు?"

ఒక్కటీ తప్పలేదు. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. నిజం నీళ్లో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు. నిజమే అయ్యుంటాయి. దానివల్ల నాకేం తేలిక కాలేదు.

"నేను ఓడిపోయేదాన్నని నీకెవరు చెప్పారే?" అన్నాను.

బుధవారం కౌన్సిల్‌లో మా కాగితం వచ్చింది. హెడ్డు సమ్మతి ఉంది కాబట్టి చర్చ లేకుండా ముందుకు పోయింది. నేను సంతకం ఎలా పెట్టానో లేచి చెప్పొచ్చు. ఏమని చెప్పాలి? రొట్టె వేస్తుంటే పెట్టాననా? కెమిస్ట్రీ ఆయన నా వైపు తిరిగి, "మేడమ్, ట్రైనింగ్ బాగా పనిచేసింది" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు పాపం. డిపార్టుమెంటు బోర్డు తీసేశారు. గోడ మీద ఆ బోర్డు ఉన్నచోట సున్నం కొత్తగా, తెల్లగా కనపడేది. దాని కింద నుంచి రోజూ వెళ్లలేక, ముందే రిటైర్మెంటు తీసుకుంటానని రాసిచ్చాను.

ఆఖరి రోజు చార్జి ఇవ్వాలి. తీసుకునేది డైరెక్టరే. మ్యాపుల గదిలో, ఇనప బీరువా ముందు ఎదురెదురుగా నిలబడ్డాం. ఆమె లిస్టు చూసి ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంది. తర్వాత పుస్తకం తెరిచింది, అదే పుస్తకం. వాళ్ల నాన్న అడిగినట్టే అడిగింది.

"చెప్పప్పా. ఏవేవి బాగులేవు?"

చాలా ఉన్నాయి. రెండో గొలుసులో ఒక కడియం సాగింది. బీరువా కింది అర వానాకాలంలో పట్టేస్తుంది. నాలుగో నంబరు కాంపస్‌ని తట్టి చూడాలి. అవన్నీ నాలుక మీదికి వచ్చాయి.

"అన్నీ బాగున్నాయి" అన్నాను.

కొంగు ముడి విప్పి తాళం చెవి ఇచ్చాను. ఆమె నా మొహంలోకి చూసింది. తిరిగి చెప్పడానికి ఏమీ లేదు కాబట్టి సంతకం పెట్టింది. ఇంటికొచ్చాక మీ తాతయ్య అడిగారు.

"చార్జి ఇచ్చీసావా?"

"ఇచ్చీసాను."

"అన్నీ చెప్పావా?"

"చెప్పానండి" అన్నాను. పెళ్లయ్యాక ఆయనతో నేను ఆడిన పెద్ద అబద్ధం అదే. ఆయన పోయేదాకా అలాగే ఉంచాను. నువ్వు ఇప్పుడు కొట్టావు చూడు, ఆ వాక్యం ఇంతవరకూ ఎవరికీ తెలీదు.

కాంట్రాక్టు అమ్మాయిని తీయరన్నారు కదా. ఆ సెమిస్టరు అయ్యేదాకా తీయలేదు. తర్వాత ఆ అమ్మాయి దుర్గ్‌లో ఏదో స్కూలుకి వెళ్లిపోయింది. నాలుగో నంబరు సంగతి తెలిసిన మనిషి నేను కాక ఆ అమ్మాయి ఒక్కతే.

చలికాలంలో ఒక సాయంత్రం ఫోను మోగింది. అన్నాళ్ల తర్వాత ఆమె గొంతు.

"అప్పా, సర్వే కలవటం లేదు. ఆఖరి గీత ఎక్కడో పోతంది. రెండ్రోజులు పిల్లల్ని ఎండలో తిప్పాను. రేపు మళ్లీ తీసుకెళ్తన్నాం, చరోదాకి. కాంపస్‌ల్లో ఏదైనా తేడా ఉందేటి? నీకు తెలిసుంటాది."

"నాకు గుర్తులేదే" అన్నాను. పెట్టేశాను.

మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతూ కూర్చున్నాను. మూడో రోజు ఆ పిల్లలు మళ్లీ గుంజ దగ్గర మొదలుపెడుతుంటారు. టిఫిన్ డబ్బాలు చెట్టు కింద పెట్టుకుని ఉంటారు. చున్నీలు తలకి చుట్టుకుని ఉంటారు. వాళ్లకి నేనెవరో తెలీదు. వాళ్లు నా దగ్గర ఏమీ రాసుకోలేదు. కూరలకి వెళ్తున్నానని మీ తాతయ్యతో చెప్పి ఆటో ఎక్కాను.

యార్డులో వ్యాగన్లు గుద్దుకుంటున్న చప్పుడు రోడ్డు మీదికే వినిపిస్తోంది. మైదానం అవతలి చివర గొడుగు కింద ఆమె నిలబడి ఉంది. ఇవతలి వైపు ఇద్దరమ్మాయిలు స్టాండు మీదికి వంగి ఉన్నారు. నేను ఆటోని ఆగమని చెప్పి దిగాను. కాంపస్ వెనకాల నంబరు చూశాను. మూడు. పక్క జట్టు దగ్గరికి వెళ్లాను. అక్కడ ఉంది. పొట్టిగా, రెండు జడల అమ్మాయి దాన్ని కంటికి ఆనించుకుని చూస్తోంది. నేను ఏమీ చెప్పకుండా ముందు గాజు మీద గోరుతో తట్టాను. లోపల చక్రం ఉలిక్కిపడ్డట్టు కదిలి, మెల్లగా వేరేచోట ఆగింది. ఆ అమ్మాయి నోరు తెరుచుకుని నా వైపు చూసింది.

"దో బార్ ఠోక్‌నా. ఫిర్ దేఖ్‌నా. ఏక్ బార్ సే నహీఁ హోతా" అన్నాను. రెండుసార్లు తట్టాలి, అప్పుడే చూడాలి, ఒక్కసారికి వదలదు అని. "అబ్ తుమ్ బతావో."

తిరిగి చెప్పమంటున్నానని ఆ అమ్మాయికి అర్థమైంది.

"దో బార్ ఠోక్‌నా, ఫిర్ దేఖ్‌నా. ఏక్ బార్ సే నహీఁ హోతా. ఆప్ కౌన్ హైఁ, ఆంటీజీ?"

నేను ఎవరో చెప్పలేదు. అవతల గొడుగు కదిలింది. ఆమె నన్ను చూసింది. మట్టిగడ్డల మీద చీర ఎత్తిపట్టుకుని గబగబా నడుస్తూ వస్తోంది. అప్పా, అప్పా అని రెండుసార్లు పిలిచింది. అందరి ముందూ ఆమె అలా పిలవడం అదే మొదటిసారి. నేను వెనక్కి తిరిగి ఆటో దాకా వచ్చి ఎక్కి కూర్చున్నాను.

ఆటో అబ్బాయి అద్దంలో చూసి, ఎవరో పిలుస్తున్నారని, "ఆంటీజీ, కోయీ బులా రహా హై" అన్నాడు.

విన్నానులే, పోనీయమని, "సునా మైనే. చలో" అన్నాను.